బైబిల్ క్విజ్‌లో ఫస్ట్, నడతలో ఎక్కడివాళ్లక్కడే: యూత్‌కి మెంటర్లను పెట్టే పద్ధతి చెప్పండి

గుంటూరు_యూత్_సెక్రటరీ:

అందరికీ వందనాలండి. మాది గుంటూరులో మరీ పెద్దదీ మరీ చిన్నదీ కాని సంఘం. 15 నుంచి 21 ఏళ్ల పిల్లలు 14 మంది ఉన్నారు. అబ్బాయిలు 8, అమ్మాయిలు 6. సగం మంది ఇంటర్, వాళ్లలో నలుగురు కాలేజీ హాస్టళ్లలో ఉంటున్నారు. అందరూ సండే స్కూల్లో పెరిగినవాళ్లే. కంఠత వాక్యం అడిగితే తడుముకోరు, క్విజ్‌కి పంపితే షీల్డు పట్టుకొస్తారు. అదే పిల్లలు పరీక్షలో స్లిప్పు పెట్టడం పెద్ద తప్పేమీ కాదంటారు. ఇంట్లో ఒకటి చెప్పి బయట ఇంకొకటి చేస్తారు. క్వయిర్‌లో మైకు ఎవరికిచ్చారన్న దగ్గర అలిగి నెలల తరబడి మాట్లాడుకోరు.

ఈ జూన్ నుంచి ఒక్కో పెద్దకి కొందరు పిల్లల్ని అప్పగించి ఏడాది నడిపిద్దామని కమిటీలో అనుకున్నారు. నలుగురు అన్నలు, ఒక అక్క ముందుకొచ్చారు. ఒకరికి ఎంతమందిని ఇవ్వాలి? నెలకి ఎన్నిసార్లు కూర్చోవాలి, కూర్చుని ఏం చేయాలి? మెంటర్‌గా ఎవరిని వద్దనాలి? ప్రసంగాలు మాకు బాగానే ఉన్నాయండి, పద్ధతి తెలిసినవాళ్లు చెప్పండి.

పటమట_టీచర్:

బ్రదర్, ఇది ఇంకో బైబిల్ క్లాసు కాదని మీ ఐదుగురికీ ముందే చెప్పండి. ప్రభువు పన్నెండుమందిని ఎందుకు నియమించాడో మార్కు 3:14లో వరసగా ఉంది. తనతో కూడ ఉండడం మొదటిది, ప్రకటించడానికి పంపడం ఆ తర్వాతది. మన సంఘాల్లో ఆ మొదటిది ఎగిరిపోయింది. పిల్లలు మనల్ని ఆదివారం రెండు గంటలు, ఇస్త్రీ బట్టల్లో చూస్తారు. కోపం వచ్చినప్పుడు ఈ అన్న ఏం చేస్తాడు, డబ్బు లెక్కలో తేడా వస్తే ఈ అక్క ఏమంటుంది, తప్పు దొరికితే ఒప్పుకుంటారా లేదా అన్నది వాళ్ల కంట పడదు. కంట పడనిదాన్ని పోలి నడవమంటే ఎలా నడుస్తారు? లూకా 6:40లో సిద్ధుడైన శిష్యుడు తన బోధకునివలె ఉంటాడని ఉంది గానీ, బోధకుడు ఇచ్చిన నోట్సులా ఉంటాడని లేదు కదా.

ఒకరికి ముగ్గురు. నలుగురు దాటితే మళ్లీ క్లాసైపోతుంది, ఒకడు మాట్లాడతాడు, మిగతావాళ్లు తలూపుతారు. మీ లెక్కకి అబ్బాయిలు 3, 3, 2; అమ్మాయిలు 3, 3. అంటే మీకు కావాల్సింది ముగ్గురు అన్నలు, ఇద్దరు అక్కలు. ఇంకో అక్కని వెతకండి, ఒక అన్నని ఈ ఏడాదికి ఆగమనండి. అన్నలు మిగిలారని అమ్మాయిల్ని వాళ్లకి ఇవ్వకండి.

జూన్ మూడో వారంలో మొదలుపెట్టి ఫిబ్రవరి మొదటి వారంలో ఆపేయండి. ఆ తర్వాత టెన్త్, ఇంటర్ పిల్లలు ఎలాగూ దొరకరు. నెలకి రెండుసార్లు, డిసెంబరులో క్రిస్మస్ ప్రాక్టీసులు ఉంటాయి కాబట్టి ఒక్కసారే. మొత్తం 15 సార్లు వస్తుంది. పుస్తకం యాకోబు పత్రిక తీసుకోండి. 5 అధ్యాయాలు, 108 వచనాలు, సారికి ఏడెనిమిది వచనాలు చేస్తే సరిపోతుంది. నాలుక సంగతి, బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి ముందు కుర్చీ వేయడం, కూలివాళ్ల కూలి బిగబట్టడం, వీటికి వ్యాఖ్యానాలు తిరగేయాల్సిన పని లేదు. మీ మైకు గొడవ 4వ అధ్యాయం మొదటి రెండు వచనాల్లోనే ఉంది.

కూర్చునేది గంటంబావు. మొదటి 15 నిమిషాలు పోయినసారి ఒప్పుకున్న పని ఏమైందో ముగ్గురూ చెప్పాలి. తర్వాత 20 నిమిషాలు చదవడం, వాళ్లే చదవాలి, రెండుసార్లు. 25 నిమిషాలు మాటలు. చివరి 15 నిమిషాల్లో వచ్చే రెండు వారాలకి ఒక్కొక్కరు ఒక్కో పని ఎంచుకోవడం, ప్రార్థన. చాలాచోట్ల మొదటి 15 నిమిషాలే మింగేస్తారు. "పోయినసారి ఏమనుకున్నాం?" అని అడగాలంటే మెంటర్‌కి మొహమాటం. అడగకపోతే మూడోసారికల్లా పిల్లలకి అర్థమైపోతుంది, ఇక్కడ ఒప్పుకుంటే చాలు, చేయక్కర్లేదని. ఇంకో తెగులు మెంటర్ గారే ముక్కాలు గంట మాట్లాడడం. నాలుగు వాక్యాలు దాటితే ఆపి ప్రశ్న అడగండి, ప్రశ్న అడిగాక నోరు కట్టుకోండి. పిల్లలు నిశ్శబ్దంగా ఉంటే జవాబు మనమే చెప్పేయడం అలవాటు.

ఎంచుకునే పని చిన్నదై ఉండాలి, చేశారో లేదో తేలేదై ఉండాలి. "ఇక నుంచి ఓపికగా ఉంటాను" అన్నదాన్ని ఎవరూ లెక్క చూడలేరు. "ఈ రెండు వారాల్లో అమ్మ మూడోసారి పిలవకముందే లేస్తాను", "ఫ్రెండు రికార్డు తెచ్చి కాపీ కొట్టను, మార్కులు తగ్గినా నేనే రాస్తాను", "నాన్న ఫోన్‌పేలోంచి ఆయనకి చెప్పకుండా పంపిన 200 సంగతి చెప్తాను" లాంటివి తేలతాయి.

ఇక అసలైనది, నెలకోసారి ఏదో ఒక పని కలిసి చేయడం. కానుకల లెక్కకి ఒకర్ని కూర్చోబెట్టుకోవడం వాటిలో ఒకటి. ఆరాధన అయ్యాక సంచి బల్ల మీద బోర్లించి, 500, 200, 100, 50, 20, 10, చిల్లర విడివిడిగా పెట్టాలి. ఇద్దరు వేర్వేరుగా లెక్కపెట్టి, ఒకరికొకరు చెప్పుకోకుండా చీటీ మీద రాసి, అప్పుడు కలిపి చూసుకోవాలి. దశమభాగం కవర్ల మీద పేర్లుంటాయి కాబట్టి అవి పిల్లల చేతికి ఇవ్వకూడదు, విడి కానుక మాత్రమే. ఒక చీటీలో 4,380, ఇంకో చీటీలో 4,370 వచ్చాయనుకోండి. అందరూ భోజనానికి లేస్తున్నారు. అక్కడున్న పెద్ద "పదేగా" అని జేబులోంచి తీసి కలిపి సంతకం పెట్టేశాడంటే, ఆ కుర్రాడికి ఆ రోజు నేర్పింది లెక్క సరిచేయడం కాదు, సరిపోయినట్టు కనపడేలా చేయడం. అదే పెద్ద మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టి, అప్పటికీ తేలకపోతే పుస్తకంలో "10 రూపాయలు తేడా" అని రాసి సంతకం పెట్టాడనుకోండి. పరీక్షలో స్లిప్పు సంగతి మీరు విడిగా ప్రసంగించక్కర్లేదు.

రోగుల దగ్గరికి వెళ్లేటప్పుడు ఒకరిద్దర్ని వెంట తీసుకెళ్లండి. జీజీహెచ్‌కైనా (ప్రభుత్వ పెద్దాసుపత్రి) ఇంకెక్కడికైనా, విజిటింగ్ టైములోనే. మంచం దగ్గర ఐదారు నిమిషాలు మించొద్దు. పక్క మంచాలవాళ్లకి వినపడేలా ప్రార్థన వద్దు. అటెండెంటుగా ఉన్న మనిషి తిన్నాడో లేదో అడిగి, ఆ టిఫినేదో కుర్రాడి చేతే తెప్పించండి. బయటికొచ్చాక "ఏం గమనించావు?" అన్న ఒక్క ప్రశ్న చాలు.

లూథరన్_ఉపదేశి:

టీచరమ్మగారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను, అయితే ఈ తరహా మాటలు విని కంఠతని అటకెక్కించేస్తారేమోనని నా భయం. కంఠత తప్పు కాదండి, అక్కడితో ఆగిపోవడం తప్పు. 1528లో జర్మనీలోని సాక్సనీ పల్లెల్లో సంఘాల్ని తనిఖీ చేసి, అక్కడి అజ్ఞానం చూసి హడలిపోయాకే మార్టిన్ లూథర్ చిన్న కాటకిజం (విశ్వాస పాఠాల చిన్న పుస్తకం) రాశాడు, 1529లో వచ్చింది. ముందుమాటలో మూడు మెట్లు చెప్పాడు. మొదటిది, ఒకే పాఠం ఎంచుకుని మాట మార్చకుండా నేర్పడం. ఈ ఏడాది ఒకలా, వచ్చే ఏడాది ఇంకోలా చెప్తే చిన్నవాళ్లు గందరగోళపడతారు అన్నాడు. రెండోది, అర్థం చెప్పడం, అన్నీ ఒకేసారి కాదు, ఒకటి పూర్తిగా తలకెక్కాకే రెండోది. మూడోది లోతుగా, విస్తారంగా. మన దగ్గర మొదటి మెట్టు మీదే పిల్లాడి చేతిలో షీల్డు పెట్టి ఇంటికి పంపేస్తున్నాం.

అదే ముందుమాటలో ఇంకో మాట ఉంది, ఎవరూ పట్టించుకోరు. నీ ప్రజల్లో ఏ ఆజ్ఞ ఎక్కువగా తొక్కబడుతోందో దాని మీద గట్టిగా నిలబడు అంటాడు. పనివాళ్లు, వర్తకులు ఉన్నచోట దొంగతనం గురించిన ఆజ్ఞ, పిల్లలు ఉన్నచోట తల్లిదండ్రుల ఆజ్ఞ. మీ 14 మందికీ పది ఆజ్ఞలూ సమానంగా పంచకండి. మీరు రాసిన మూడు ఫిర్యాదుల్ని బట్టి రెండే తీసుకోండి: దొంగిలకూడదు, అబద్ధసాక్ష్యము పలుకకూడదు. ఏడాది ఆ రెండే. (ఆజ్ఞల్ని అంకెలతో చెప్పకండి. లూథరన్లకీ కతోలికులకీ దొంగతనం ఏడోది, సి.ఎస్.ఐ., బాప్టిస్టు పిల్లలకి ఎనిమిదోది. వేర్వేరు సంఘాల నుంచి వచ్చిన పిల్లలు కూర్చుంటే అరగంట దీనికే పోతుంది.)

కాటకిజంలో చాలా ఆజ్ఞల వివరణకి రెండు సగాలుంటాయి. దొంగిలకూడదు అంటే పొరుగువాడి సొమ్ము తీసుకోకపోవడం ఒక సగం, అతని ఆస్తి, జీవనం బాగుపడేలా తోడ్పడడం రెండో సగం. అబద్ధసాక్ష్యం దగ్గరా అంతే. చాడీ చెప్పకపోవడంతో సరిపోదు, అతని తరఫున మాట్లాడాలి, అతను చేసినదాన్ని వీలైనంత మంచిగా అర్థం చేసుకోవాలి. పిల్లలు ఎంచుకునే పనిలో రెండు సగాలూ ఉండాలి. రికార్డు కాపీ కొట్టను అన్నవాడు, వెనకబడిన క్లాస్‌మేట్‌కి ఒక ప్రయోగం కూర్చుని వివరించి రావాలి. క్వయిర్‌లో అలిగిన అమ్మాయి ఆ రెండో అమ్మాయి గురించి చెడు మాట్లాడకపోవడంతో పాటు, ఆమె లేనిచోట ఒక మంచిమాట చెప్పి రావాలి. మానుకోవడం ఒక్కటే నేర్పితే పిల్లలు బిగుసుకుపోతారు, పక్కవాడి తప్పులు లెక్కపెట్టే రకం తయారవుతుంది. సంఘాల్లో ఆ రకానికి కొరత లేదు.

పాత రోజుల్లో మన పల్లెల్లో ఉపదేశి పగలు బడి, రాత్రి ప్రార్థన నడిపేవాడు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరు వచ్చినప్పటినుంచి బడి, గుడి కలిసే నడిచాయి. ఉపదేశి అప్పు తీర్చాడా, భార్యతో ఎలా మాట్లాడాడు, పేట అంతటికీ తెలిసేది. ఇప్పుడు అపార్టుమెంట్లు, తలుపులు మూసి ఉంటాయి. అందుకే ఆ చూపు కోసం కానుకల లెక్క లాంటివి పనిగట్టుకుని పెట్టుకోవాల్సి వస్తోంది.

మంగళగిరి_సాక్షి:

ఈ నిమిషాలు, చీటీలు ఎందుకండీ? మార్చేది పరిశుద్ధాత్మ. ఉపవాస ప్రార్థన పెట్టండి, ఆయనే చూసుకుంటాడు.

పటమట_టీచర్:

ప్రార్థన వద్దని ఎవరూ అనలేదు బ్రదర్. గలతీ 5:22లో ఉన్నవి ఆత్మ ఫలాలే, మనం తయారుచేసేవి కాదు. కానీ అదే పౌలు తిమోతికి "దేవభక్తి విషయములో నీకు నీవే సాధకము చేసికొనుము" అని రాశాడు. సాధకం అంటే రోజూ చేసేది. రెండూ ఆయనే చెప్పాడు కాబట్టి రెండూ ఉంచుకుందాం.

గుణదల_వాసి:

మేం కతోలికులం, అయినా చెప్తాను, మీకు పనికొస్తుంది. యేసు సభ స్థాపించిన పునీత ఇగ్నేషియస్ లొయోలా ఒక దుర్గుణం మీద ఒకేసారి గురిపెట్టే పద్ధతి నేర్పించాడు. పొద్దున లేవగానే ఆ ఒక్కదాని విషయంలో జాగ్రత్తగా ఉంటానని తీర్మానం. మధ్యాహ్న భోజనం తర్వాత ఒకసారి, రాత్రి భోజనం తర్వాత ఒకసారి, గంట గంటకీ వెనక్కి చూసుకుని ఎన్నిసార్లు జారానో గీత మీద చుక్కలు పెట్టుకోవాలి. రోజుకి రెండు గీతలు, వారానికి ఏడు జతలు. పడిన ప్రతిసారీ అక్కడే ఎవరికీ తెలియకుండా గుండె మీద చెయ్యి వేసుకోవాలి. మధ్యాహ్నం చుక్కల్ని రాత్రి చుక్కలతో, నిన్నని ఇవాళతో, పోయిన వారాన్ని ఈ వారంతో పోల్చుకోవడమే.

ఇంటర్ పిల్లలకి ఇది బాగా పడుతుంది, రెండు నిమిషాల పని, లాంగ్ నోట్‌బుక్ చివరి పేజీ చాలు. జాగ్రత్త ఏంటంటే, ఆ పేజీ మెంటర్ చూడకూడదు. చూపించమంటే చుక్కలు తగ్గిపోతాయి, పాపం తగ్గదు. "తగ్గుతున్నాయా, పెరుగుతున్నాయా?" అని మాత్రం అడగాలి. కొంతమంది పిల్లలు, ముఖ్యంగా అతిగా భయపడేవాళ్లు, చుక్కలు చూసుకుని కుంగిపోతారు. వాళ్ల చేత చుక్కలు మాన్పించి, ఆ రోజు దేవునికి కృతజ్ఞత చెప్పాల్సినవి మూడు రాయించండి. అసలు ఇగ్నేషియస్ చెప్పిన రోజువారీ ఆత్మ పరిశీలన మొదలయ్యేదే కృతజ్ఞతతో. తప్పు వెతకడం ఆ తర్వాతే.

ఇంకోటి, ధ్యానం నడిపించే గురువు ఆ మనిషిని సన్యాసం వైపు గానీ పెళ్లి వైపు గానీ నెట్టకూడదని, దేవునికీ ఆ ఆత్మకీ మధ్య దూరకూడదని కూడా ఆయన రాశాడు. మీ మెంటర్లకి ఇది పెద్దక్షరాలతో రాసివ్వండి. ఏ కోర్సులో చేరాలి, ఎవర్ని చేసుకోవాలి అన్నదాకా వచ్చేసరికి మన పెద్దలకి చెయ్యి ఆగదు.

మాలో జ్ఞానస్నానం (బాప్తిస్మం) అప్పుడు జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి అని పెడతారు. తిరుసభ చట్టం ప్రకారం మామూలుగా 16 ఏళ్లు నిండి, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) పొంది, విశ్వాసానికి తగ్గట్టు బతికేవాళ్లయి ఉండాలి, కన్న తల్లిదండ్రులు కాకూడదు. విశ్వాసంలో పెంచడానికి కన్నవాళ్లు కాక ఇంకొకరు కావాలన్నది దీని ఉద్దేశం. ఆచరణలో గొలుసు ఎవరు పెడతారో చూసి ఎంచుకునేవాళ్లు ఉన్నారనుకోండి, అది వేరే సంగతి.

గుంటూరు_యూత్_సెక్రటరీ:

చాలా థాంక్సండి, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. మెంటర్లుగా ఎవరిని వద్దనాలి అన్నది ఇంకా మిగిలింది. ముందుకొచ్చిన అన్నల్లో ఒకరు వ్యాపారి, ఉదారంగా ఇస్తారు, పిల్లలకి ఆయనంటే ఇష్టం. ఇంకొకరు వాక్యంలో దిట్ట గానీ నోరు కాస్త దురుసు. ఇంకొకరి సొంత కొడుకే చర్చికి రాడు, దాని మీద కమిటీలో చెవులు కొరుక్కుంటున్నారు. ఎవరినీ నొప్పించకుండా ఎలా తేల్చాలి?

రిటైర్డ్_హెడ్‌మాస్టర్:

నొప్పించకుండా కుదరదు బాబూ. యాకోబు 3:1 చదివి మొదలుపెట్టండి. బోధకులకి మరి కఠినమైన తీర్పు ఉంటుంది కాబట్టి మీలో అనేకులు బోధకులు కాకుండుడి అంటాడు. ఆగమంటే అవమానం కాదని ఆ వచనమే చెప్తుంది.

దురుసు మనిషిని వద్దనండి. 1 తిమోతి 3:3 దగ్గర బేరం లేదు. ఆయన వాక్య జ్ఞానం కావాలంటే మెంటర్లకి యాకోబు పత్రిక చెప్పమనండి, పిల్లలకి వద్దు. కోపిష్ఠి దగ్గర పిల్లలు నేర్చేది ఓర్పు కాదు, దాచిపెట్టడం.

వ్యాపారి ఉండవచ్చు, ఒక షరతు మీద. ఆయన చేతినుంచి పిల్లల చేతికి డబ్బు వెళ్లకూడదు. ఫీజు సాయం చేయాలనిపిస్తే సంఘం ఖాతాలో వేయాలి, సంఘం ఇస్తుంది, ఎవరిచ్చారో పిల్లాడికి తెలియదు. సాయం తీసుకున్న పిల్లాడు ఆ మనిషి ముఖం మీద "అది తప్పు అంకుల్" అని ఎప్పటికీ అనలేడు. అనలేని చోట శిష్యరికం ఉండదు, కొలువు ఉంటుంది.

కొడుకు సంగతి తొందరపడకండి. యాజకుడు ఏలీ కథ సగమే గుర్తుపెట్టుకుంటారు మనవాళ్లు. బాల సమూయేలుకి దేవుని స్వరం ఎలా వినాలో, ఏమని బదులివ్వాలో నేర్పింది ఆయనే, సరిగ్గానే నేర్పాడు. ఆయన మీద పడిన నేరం కొడుకులు చెడిపోయారని కాదు, చెడ్డపని చేస్తున్నారని తెలిసీ అడ్డగించలేదని, 1 సమూయేలు 3:13. ఈ అన్న కొడుకు తప్పుని వెనకేసుకొస్తాడా, లేక బాధపడుతూనే ఉన్నదున్నట్టు చెప్తాడా, అది చూడండి. రెండోది అయితే మంచి మెంటర్ అవుతాడు.

ఎవరి గురించైనా సంఘం బయట ఇద్దర్ని అడగండి. 1 తిమోతి 3:7 వెలుపటివారి సాక్ష్యం కావాలంటుంది. అపార్టుమెంటు వాచ్‌మన్, కిరాణా కొట్టు ఖాతా, ఆఫీసులో కింద పనిచేసేవాళ్లు. చర్చిలో అడిగితే అందరూ మంచివాళ్లే.

ఇక పిల్లాడు పడిపోయినప్పుడు, పడతాడు, అప్పుడేం చేయాలో ఇప్పుడే రాసుకోండి. అపొల్లో బాగా మాట్లాడేవాడే గానీ యోహాను బాప్తిస్మం దగ్గరే ఆగాడు. ప్రిస్కిల్ల, అకుల అతన్ని సభలో నిలబెట్టి సరిదిద్దలేదు, చేర్చుకుని విశదపరిచారు, అపొస్తలుల కార్యములు 18:26. ఎక్కువ తప్పులకి ఇదే దారి, పక్కకి పిలిచి ఒక్కసారి చెప్పడం, పాస్టర్ గారికి చేరవేయకుండా. కానీ అంతియొకయలో పేతురు అన్యజనుల పంక్తి నుంచి లేచి వెళ్లినప్పుడు పౌలు అందరి ఎదుటే నిలదీశాడు, ఎందుకంటే ఆ పని అందరి ఎదుట జరిగింది, ఇంకొందర్ని లాగేసింది. మీ క్వయిర్ గొడవ ఈ రెండో రకం. అందరూ చూసిన గొడవ ఇద్దరి మధ్య చల్లారిపోతే మిగతావాళ్లకి ఆ సమాధానం కనపడదు, క్వయిర్ ముందే సర్దుబాటు కావాలి.

ఒక మెంటర్ దగ్గర కుదరని పిల్లాడిని వదిలేయకుండా ఇంకొకరికి మార్చండి. యెరూషలేములో ఎవరూ నమ్మని సౌలుని (ఈయనే పౌలు) అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లిన బర్నబానే, మధ్యలో వెళ్లిపోయిన మార్కుని వెంటబెట్టుకుని కుప్రకి ఓడ ఎక్కాడు. పౌలు వద్దన్న ఆ మార్కే తర్వాత పరిచారం నిమిత్తం ప్రయోజనకరమైనవాడని పౌలే రాశాడు, 2 తిమోతి 4:11. మార్పుకి గడువు పెట్టుకోండి. నాలుగుసార్లు కూర్చున్నాక ఇరుపక్షాల్నీ విడివిడిగా అడిగి, కుదరకపోతే కారణం తవ్వకుండా మార్చేయండి.

కృష్ణలంక_సిస్టర్:

ఎవరూ చెప్పనిది నేను చెప్తాను. 18 ఏళ్లలోపు పిల్లలు ఉన్నారు కదా, మొదటి రోజే తల్లిదండ్రుల సంతకం తీసుకోండి, ఎక్కడ, ఎన్నింటికి, ఎవరితో అన్నది కాగితం మీద ఉండాలి. కూర్చునేది చర్చి వరండాలో లేదా తలుపు తెరిచిన గదిలో. ఒక్కరినే బండెక్కించుకుని తిప్పడం వద్దు, అబ్బాయైనా సరే. రాత్రి తొమ్మిది తర్వాత మెసేజ్‌లు వద్దు. ముగ్గురికీ కలిపి గ్రూపు, అందులో పాస్టరమ్మగారు కూడా.

"ఎవరికీ చెప్పనన్నా అని మాటివ్వు" అని పిల్లలు అడుగుతారు. ఆ మాట ఇవ్వకూడదు. "నీకు గానీ ఇంకొకరికి గానీ హాని ఉంటే చెప్పాల్సినవాళ్లకి చెప్తాను, మిగతాదంతా నా దగ్గరే ఉంటుంది" అని ముందే అనాలి. మైనరు మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ ఉంటాయి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా దారి చెప్తారు. "సంఘం పరువు, మనలో మనం చూసుకుందాం" అనే పెద్ద ఎవరున్నా వాళ్లని కూడా మెంటర్ల జాబితాలోంచి తీసేయండి.

పెత్తనం ఎలా మొదలవుతుందో కూడా తెలిసి ఉండాలి. "దేవుడు నీ గురించి నాతో చెప్పాడు" అన్న మాట మొదటి గుర్తు. అమ్మానాన్నలకి చెప్పొద్దనడం రెండోది. పిల్ల ఇంకొకరి ప్రసంగం మెచ్చుకుంటే ముఖం మాడడం మూడోది. 1 పేతురు 5:3 ప్రభువులైనట్టుండక మాదిరులుగా ఉండుడి అంటుంది. ఐదుగురు మెంటర్లూ నెలకోసారి పాస్టర్ గారి దగ్గర కూర్చోవాలి, పిల్లల గుట్లు చెప్పడానికి కాదు, తమ సంగతి చెప్పడానికి. ఎవరిమీద చెయ్యెత్తారు, ఎవరికి బాకీ ఉన్నారు, ఇంట్లో ఎవరితో మాటల్లేవు. తనని అడిగేవాళ్లు లేని మనిషి పిల్లల్ని అడగకూడదు.

అమ్మాయిల సంగతి. తీతు 2:3-5 పట్టుకుని ఆ గుంపు చేత వంటలు, డెకరేషన్ చేయించి సరిపెట్టేస్తారు. కానుకల లెక్క, ఆసుపత్రి, వాక్యం చదివించడం వాళ్లకీ సమానంగా ఇవ్వండి. తిమోతి విశ్వాసం అవ్వ లోయి దగ్గర, తల్లి యునీకే దగ్గర మొదలైందని పౌలే రాశాడు. ఇంకో సంగతి, ఈ పిల్లలు పెళ్లయి ఏ హైదరాబాదో బెంగళూరో వెళ్తారు. ఏడాది చివర్లో వాళ్లకి చెప్పాల్సింది కొత్త ఊళ్లో ఒక పెద్దావిడని ఎలా వెతుక్కోవాలో. మీకు ఫోన్ చేస్తూ ఉండమని కాదు.

గుంటూరు_యూత్_సెక్రటరీ:

వందనాలు మేడమ్, సంతకాల ఫారం ఈ వారమే తయారుచేస్తాం. చివరిగా ఒకటి. హాస్టల్లో ఉన్న నలుగురి సంగతి ఏం చేయాలి? ఫోన్ ఇవ్వరు, ఆదివారం కూడా వీక్లీ టెస్టు పెడుతున్నారు, నెలకి ఒక్క ఔటింగ్.

పటమట_టీచర్:

ఔటింగ్ రోజు పిల్లాడు అమ్మ చేతి అన్నం తిని పడుకోవాలనుకుంటాడు, ఆ రోజుని లాక్కోకండి. ఆ నలుగురికీ 15 సార్లు కుదరదు, నెలకి ఒక్క అరగంట చాలు. తల్లిదండ్రులు హాస్టల్‌కి చూడ్డానికి వెళ్లే ఆదివారం మెంటర్ కూడా వాళ్లతో వెళ్లాలి. వార్డెన్ దగ్గర రిజిస్టర్‌లో అసలు పేరు, అసలు సంబంధం రాయాలి. లోపలికి పంపరని "మేనమామ" అని రాసే అలవాటు ఉంది. పిల్లాడు పక్కనే నిలబడి చూస్తుంటాడు. తల్లిదండ్రుల చేత ముందే ప్రిన్సిపాల్‌కి ఒక ఉత్తరం ఇప్పిస్తే చాలాచోట్ల పంపిస్తారు, పంపకపోతే గేటు దగ్గరి నుంచే వెనక్కి రావాలి.

వాళ్లకి యాకోబు పత్రిక మొత్తం వద్దు, 1వ, 3వ అధ్యాయాలు చాలు. గుణదల బ్రదర్ చెప్పిన చుక్కల పేజీ అసలు వాళ్లకే పనికొస్తుంది, స్టడీ అవర్స్ అయ్యాక రెండు నిమిషాలు. మార్కుల గురించి మాత్రం అడగొద్దని మెంటర్లకి చెప్పండి, ఆ ప్రశ్న అడగడానికి వాళ్లకి చాలామంది ఉన్నారు.